కూటు పతనము: దోష మెవ్వరిది?

1916వ సంవత్సరము ఏప్రిలు 29వ తేదీన టైగ్రిసు నదీతీరమందలి కూటు పట్టణమున జనరల్ చార్లెస్ టౌన్షెండు తన సైన్యముతో గూడ తుర్కీవారికి లొంగిపోయెను. నాటికి ముట్టడి మొదలై 147 దినములు. లొంగినవారు ఇంచుమించు 13,000 మంది. అందు బ్రిటిషు సిపాయిలు 2,600 మందికి మించరు. కొలదిమంది తెల్ల యధికారులను మినహాయించినచో తక్కినవా రందఱును మనవారే. వంటవారు, నీళ్లు మోయువారు, డోలీలు మోయువారు, గుఱ్ఱముల కాపరులు, ఆయుధము పట్టని యీ సేవకులే 3,000 మందికి పైగా నుండిరి.

ఈ సంగతి జరిగి నూఱు సంవత్సరములు దాటినది. అయినను టౌన్షెండు చేసినది యుక్తమా, అయుక్తమా యను వివాదము చరిత్రకారులలో నేటికిని తెగలేదు. పైవారి దురాశకు బలియైన వీరుడని కొంద ఱందురు. తన కీర్తిని దప్ప తన సిపాయిలను దలపనివాడని కొంద ఱందురు. ఈ వివాదమున మన మాటయు నొకటి వినబడవలసి యున్నది. ఏలనన, ఆ తప్పొప్పుల వెల చెల్లించినవారిలో నెక్కువమంది మన పల్లెలనుండి పోయినవారు.

న్యాయస్థానమున నొకనిపై నాలుగు నేరములు మోపబడినచో నాలుగింటిని ఒక్క గంపలో వేసి తీర్పు చెప్పరు. ఒక్కొక్క నేరమునకు సాక్ష్య మేమి, సమాధాన మేమి యని వేఱువేఱుగ విచారింతురు. టౌన్షెండు విషయమున నీ పద్ధతి యవలంబింపబడకపోవుటచేతనే వాదము తెగకున్నదని మా యభిప్రాయము. ఆయనను మెచ్చువారు యుద్ధభూమినే చూపుదురు; నిందించువారు చెఱసాలనే చూపుదురు. మేము రెంటిని వరుసగా జూడ దలంచితిమి.

మొదటి యభియోగము బాగ్దాదు దండయాత్ర. 1914 నవంబరులో ఇండియానుండి పోయిన సైన్యము బస్రాను బట్టుకొనెను. ఆరంభమున జెప్పిన యుద్దేశము పారశీకపు చమురు బావులను, సముద్రముఖమును గాపాడుట. అంతటితో నాగియుండిన చరిత్ర వేఱుగ నుండెడిది. 1915 ఏప్రిలులో సర్ జాన్ నిక్సను సర్వసేనాధిపతిగ వచ్చెను; టౌన్షెండు ఆఱవ పూనా డివిజనునకు నాయకుడయ్యెను. జూనులో అమారా, సెప్టెంబరు చివర కూటు వశమయ్యెను. గెలుపు రుచి మరగినవారికి బాగ్దాదు కనబడసాగెను. బస్రానుండి బాగ్దాదునకు నదిమీద నించుమించు 500 మైళ్లు. రైలు లేదు, రోడ్డు లేదు, పడవలు చాలవు, బస్రాలో సరుకు దించుటకు సరియైన రేవైనను లేదు. ఒక్క డివిజనుతో బాగ్దాదు మీదికి బోవుట ప్రమాదమని, అందుకు రెండు డివిజనులైన వలయునని టౌన్షెండు అక్టోబరులోనే నిక్సనునకు వ్రాసెను. నిక్సను వినలేదు. సిమ్లాయు లండనును ఆమోదించినవి. గల్లిపోలిలో జరిగిన పరాభవమును బాగ్దాదు వార్తతో గప్పిపుచ్చవలెనను కోరిక లండను పెద్దలకు గలదు.

నవంబరు 22వ తేదీన బాగ్దాదునకు దిగువనున్న టెసిఫను శిథిలముల యొద్ద యుద్ధము జరిగెను. టౌన్షెండు శత్రువుల మొదటి వరుసను బట్టుకొనెను గాని, తన పక్షమున 4,600 మందిని పోగొట్టుకొనెను. గాయపడినవారిని స్ప్రింగులు లేని బండ్లపై వేసి నదికి జేర్చిరి. అచటనుండి కిక్కిరిసిన పడవలపై బస్రాకు బంపిరి. మెజిదియా యను పడవ వచ్చి చేరినప్పుడు దానిపైనున్న క్షతగాత్రుల దురవస్థను జూచిన మేజర్ కార్టరను ఇండియా వైద్యశాఖ యధికారి పైవారికి ఫిర్యాదు చేసెను. పైవారు పడవను జక్కబెట్టుటకు మాఱుగ ఆయననే బెదరించిరి.

ఈ మొదటి యభియోగమున టౌన్షెండు దోషి కాడని మేము చెప్పుదుము. ప్రమాదమును గుర్తించెను, గుర్తించినదానిని కాగితముపై బెట్టెను, పైవా రాజ్ఞాపింప శిరసావహించెను. రాజీనామా యియ్యవలసినదని కొంద ఱందురు. ఆయన పోయిన నింకొకడు వచ్చి ఆ సిపాయిలనే యా దారినే నడపియుండును. ఈ నేరము నిక్సనుది. ఆయనకు వత్తాసు పలికిన ప్రభుత్వములది.

రెండవ యభియోగము కూటులో నాగుట. టెసిఫనునుండి వెనుదిరిగిన సైన్యము పగలు రాత్రియనక నడచి డిసెంబరు 3వ తేదీన కూటు చేరెను. ఊరు నది వంపులో నున్నది. మూడు ప్రక్కల నీరు. నాలుగవ ప్రక్క నొక యిఱుకు నేల. అందు జొచ్చినవానిని బంధించుట శత్రువునకు సులభము. ఇంకను దిగువకు బోయి తనవారితో గలియక టౌన్షెండు అక్కడనే యేల నిలిచెను? 1895లో చిత్రాలు కోటలో ముట్టడికి దాళి పేరు గడించినవాడు గనుక ముట్టడియందు ఆయనకు మోజు గలదని విమర్శకు లందురు. ఆ మాటలో కొంత నిజ ముండవచ్చును. కాని సిపాయి లొక్క అడుగు వేయజాలని స్థితిలో నుండిరి. కూటు విడిచిన శత్రువునకు నదీమార్గ మంతయు దెఱచి యిచ్చినట్లగును. పైగా, విడుదల సేన వచ్చుటకు రెండు నెలలు పట్టునని తెలిసినప్పుడు కూటు విడిచి క్రిందికి బోదునని టౌన్షెండే సూచించెను, నిక్సను కూడదనెను. డిసెంబరు 7వ తేదీతో దారులు మూతపడినవి. ఇచ్చట సందేహఫలము ముద్దాయికే చెందవలెను.

ఇంతవఱకు ఆయన పక్షమున వాదించితిమి. మూడవ యభియోగముతో మాకు వాదించుటకు మాట దొరకదు. అది తుపాకులను గూర్చినది గాదు, ధాన్యమును గూర్చినది.

ముట్టడి యారంభమున టౌన్షెండు తనయొద్ద నించుమించు రెండు నెలల గ్రాసమే గలదని తంతి పంపెను. అనగా ఫిబ్రవరి మొదటికి సైన్యము పస్తుండవలెను. ఈ లెక్కను నమ్మి విడుదల సేన పరుగులెత్తెను. ఆ సేన యెవరిది? ఫ్రాన్సు బురదలో నొక సంవత్సరము నలిగి అప్పుడప్పుడే బస్రాలో దిగుచున్న లాహోరు, మీరటు డివిజనులది. ఒక దళము దిగినది, దాని ఫిరంగులు దిగలేదు. ఫిరంగులు దిగినవి, వైద్యశాల దిగలేదు. అట్లే తెగిన ముక్కలను గలిపి జనరల్ ఐల్మరు జనవరి 6వ తేదీన యుద్ధమునకు దిగెను. షేక్ సాదు వద్ద నించుమించు 4,000 మంది, వాదీ వద్ద 1,600 మంది, జనవరి 21వ తేదీన హన్నా వద్ద 2,700 మంది కూలిరి. మూడు వారములలో ఎనిమిదివేలకు పైగా. హన్నాలో నాటి రాత్రి చలివానలో, బురదలో, డోలీ రాక గాయపడినవారు పడినచోటనే పడియుండిరి.

హన్నాలో నోటమి జరిగిన కొలది దినములకే కూటునుండి క్రొత్త తంతి వచ్చెను. ఇల్లిల్లును వెదకించితిమి, ధాన్యము దొరకినది, గుఱ్ఱములను గూడ దిన్నచో నింకను 84 దినములు నిలువగల మని దాని సారము! జనవరి చివరివఱకు సిపాయిలకు తిండి తగ్గింపబడలేదు. ఊరిలోని యిండ్లను సోదా చేయుటకు ఏడు వారములు పట్టెను. ఆ పని డిసెంబరులోనే చేసినచో నే యడ్డంకి? కోటలో జొచ్చిన నాయకుడు మొదట ద్వారమునకు గడియ వేయును. రెండవ పనిగా గాదె కొలుచును. మన పల్లెలో కఱవు కాలమున నిల్లాలికి దెలిసిన యీ సంగతి చిత్రాలు వీరునికి దెలియదని నమ్ముట యెట్లు?

సమర్థించువా రొక్క మాట చెప్పుదురు. గల్లిపోలి విడువబడుటచే నచటి తుర్కీ దళములు మెసొపొటేమియాకు రానున్నవి గనుక, లెక్క యేదైనను ఐల్మరు త్వరపడవలసియే యుండెనని. ఇది నిజమే. అయినను త్వరపడుట వేఱు. నెల దినములు గడువు గలదో లేదో తెలియక గ్రుడ్డిగ దుముకుట వేఱు. గడువు తెలిసినచో ఫిరంగులు వచ్చువఱకు, వైద్యశాలలు వచ్చువఱకు నిలువవలెనా యని యోచించుటకైన నవకాశ ముండెడిది. ఆ యవకాశమును ఒక్క తప్పు లెక్క హరించెను. మార్చి 8న దుజైలాలోను, ఏప్రిలులో సన్నయ్యాతులోను మరల మరల ప్రయత్నించి, కూటును విడిపింపలేక విడుదల సేన మొత్తము 23,000 మందిని గోల్పోయెను. లోపల నున్నవారికంటె వారికై బయట గూలినవారే యెక్కువ. ఇంత జరుగుచుండ లోపలివారు బయటివారికి తోడుగ నొక్క పెద్ద దాడియైన వెడలి చేయలేదు. తనకంటె చిన్నవానికి పదోన్నతి కలిగెనని విని, తనకును వలయునని తంతి పంపుటకు మాత్రము సేనానికి దీరిక దొరకెను.

సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి యడిగిన కుశలప్రశ్నలలో నొకటి యిది: నీ సైన్యమునకు కూడును జీతమును వేళకు నందుచున్నవా? ధనుర్విద్యను గూర్చి యడుగుటకు ముందుగ నారదుడు కూటిని గూర్చి యడుగుట వ్యర్థము గాదు. యుద్ధమున పొరపడుట మానవసహజము. శత్రువు బలము మనకు గానరాదు. వాన మన చేతిలో లేదు. కాని గాదెలోని గింజ కంటికి గానవచ్చును. దానిని లెక్కింపక పోవుట పొరపాటు గాదు, ఉపేక్ష.

గుఱ్ఱపు మాంసమును గూర్చిన నాలుగవ మాట యిచ్చట జెప్పక తప్పదు. మన సిపాయిలు మతాభిమానముచే దానిని ముట్టకపోవుటవలననే కూటు త్వరగ బడెనని కొన్ని పుస్తకములలో వ్రాయబడియున్నది. ఆ నిందకు సమాధాన మీయవలెను. మాంసము ముట్టనివాడు మూఢుడై ముట్టకపోలేదు. ఊరికి దిరిగి పోయిన నాడు కులమువారు వెలివేయుదురో, ఆడుబిడ్డల పెండ్లిండ్లు నిలిచిపోవునో యను భయము ప్రాణభయముకంటె బలవత్తరమయ్యెను. టౌన్షెండు ఇండియాలోని మతాచార్యులనుండి అనుమతి తంతులు దెప్పించెను. బలవంతపెట్టక చాలకాల మోర్చెను. ఇది ఆయనకు గౌరవమే. ఏప్రిలులో గట్టిగ జెప్పినప్పుడు వేలకొలది మన సిపాయిలు దినిరి. కాని యప్పటికే రక్తదోషవ్యాధి వారిని బట్టియుండెను. కూటులోని వైద్యాధికారి కర్నల్ హెహిరు గమనించిన చిత్ర మొకటి కలదు. తెల్ల పిండి దిన్న బ్రిటిషు సిపాయిలకు బెరిబెరి వచ్చెను. పొట్టు తీయని పిండి దిన్న మనవారికి అది రాలేదు. మాంసము దిన్న బ్రిటిషువారికి స్కర్వీ రాలేదు. తినని మనవారికి వచ్చెను. ఒకే కోటలో రెండు వంటశాలలు, రెండు చావులు. కనుక కూటు పతనమునకు మన సిపాయి మతమును గారణముగ జూపుట, లెక్క తప్పినవాడు ఆకలిగొన్నవానిని దూఱుట వంటిది.

ఇక నైదవ యభియోగము. ఇదియే కడపటిది, ఇదియే ఘనమైనది. లొంగుబాటుకు ముందు 10 లక్షల పౌనులు, పిదప 20 లక్షల పౌనులు ఇచ్చెదము, సైన్యమును విడువుడని బ్రిటిషువారు తుర్కీవారితో బేరమాడిరి. ఎన్వరు పాషా నిరాకరించెను. రోగులలో 1,100 మంది మాత్రము మాఱుపు క్రింద విడువబడిరి. తక్కినవారిని అధికారులనుండి వేఱుచేసి, ఎండలో, నీళ్లు లేక, బూట్లు లేక, వందల మైళ్లు నడిపించిరి. సమర్రా, మోసులు, రాస్-అల్-ఐను మీదుగ బాగ్దాదు రైలుమార్గపు పనులకు దోలిరి. దారిలో పడినవాడు పడినచోటనే యుండెను. చెఱబడిన బ్రిటిషు సామాన్య సిపాయిలలో నూటికి డెబ్బదిమంది తిరిగి రాలేదు. మనవారిలో రెండువేలకు పైగా గతించిరి. కలకత్తానుండి గాయపడినవారి సేవకై పోయిన బెంగాలు స్వచ్ఛంద సేవకదళమువారు గూడ కూటులో జిక్కిరి. వారిలో నొకడైన శిశిరప్రసాద సర్వాధికారి చెఱలో వ్రాసికొన్న దినచర్యనుబట్టి ‘అభీ లే బాగ్దాద్’ అను వంగగ్రంథమును బ్రకటించెను. సైన్యవైద్యుడు కల్యాణకుమార ముఖర్జీ 1917లో చెఱయందే మరణించెను.

అదే కాలమున సేనాని యెచ్చట నుండెను? ఇస్తాంబులు చెంత ద్వీపమున నొక మేడలో, సేవకులతో, గౌరవాతిథిగ నుండెను. ఆయన పెంపుడు కుక్క స్పాటును సైతము తుర్కీవారు మర్యాదగ బస్రాకు బంపిరి. 1917లో ఆయన చెఱలో నుండగనే సర్ బిరుదము లభించెను. 1920లో పార్లమెంటు సభ్యుడయ్యెను. అదే సంవత్సరమున తన దండయాత్రను సమర్థించుచు నొక పెద్ద గ్రంథము ప్రకటించెను. అందు యుద్ధతంత్రమునకు గల చోటు ఎడారిలో రాలిన సిపాయిలకు లేదు.

సిపాయిలను హింసించిన పాపము మొదట తుర్కీ కావలివారిది, వారి ప్రభుత్వముది. దానిని మేము టౌన్షెండు నెత్తిన రుద్దము. ఆయన యడిగిన మాత్రమున ఆ మార్చి యాగియుండునని గూడ జెప్పము. కాని యిస్తాంబులులో తనకు గల పలుకుబడిని తన సిపాయికై పణముగ బెట్టవలెను. తన సుఖమును నిరాకరించి, నన్నును వారితో బంపుడని యొక్కమా ఱైన నిలువవలెను. ఖడ్గము నప్పగించినంత మాత్రమున సేనానికిని సిపాయికిని గల ఋణానుబంధము తీరదు. సిపాయి తన ప్రాణమును ఆజ్ఞకు దాకట్టుపెట్టినప్పుడు ఆ తాకట్టు పత్రమున గెలుపువఱకే యను షరతు లేదు.

కావున మా తీర్పు ఇది. బాగ్దాదు దండయాత్రలో టౌన్షెండు నిర్దోషి. కూటులో నిలుచుటలో సందేహఫలము ఆయనకే. గుఱ్ఱపు మాంసపు విషయమున ఆయన యోర్పు మెచ్చదగినది. ధాన్యపు లెక్కలోను, చెఱబడిన పిదప నడచిన నడతలోను ఆయన దోషి. సాహసముచే జేసిన తప్పులకంటె అలక్ష్యముచే జేసిన తప్పులే ఆయనను గట్టిగ బట్టుచున్నవి.

అయితే యొక్క సేనానిని బోనులో నిలిపి చేతులు దులుపుకొనుట న్యాయము గాదు. 1916లో బ్రిటిషు పార్లమెంటు మెసొపొటేమియా విచారణసంఘమును నియమించెను. 1917 జూనులో దాని నివేదిక వెలువడెను. నిక్సనుది యన్నిటికంటె బరువైన దోషమని, వైస్రాయి హార్డింజిని, ప్రధానసేనాధిపతి డఫును గూడ దోషము విడువదని సంఘము చెప్పెను. ఇండియా మంత్రి ఛేంబర్లేను రాజీనామా యిచ్చెను. ఆ చర్చలో ఇండియా ప్రభుత్వ యంత్రము కాలము చెల్లిన కొయ్యయంత్రమని కామన్సు సభలో దునుమాడిన మాంటేగు వెంటనే ఆ పదవికి వచ్చెను. ఆగస్టు 20వ తేదీన బాధ్యతాయుత ప్రభుత్వమును గూర్చిన ప్రకటన చేసెను. కూటు కోటలో రాలిన సిపాయికి దెలియదు గాని, వాని చావు మన రాజ్యాంగ చరిత్రలో నొక పుట త్రిప్పెను. అయినను గమనింపుడు. ఆ విచారణసంఘమున నొక్క భారతీయు డైనను లేడు. సైన్యము మనది, ధనము మనది, చావు మనది; విచారణ మాత్రము వారిది. ప్రజలకు జవాబు చెప్పనక్కఱలేని ప్రభుత్వము చేతిలో సైన్య మున్నప్పుడు నిక్సనులు పుట్టుట వింత గాదు. టౌన్షెండుల తప్పు లెక్కలు తనిఖీ లేక చెల్లుట వింత గాదు. ఆజ్ఞ యిచ్చువాడు ఎవరికి జవాబుదారి యను ప్రశ్నయే యీ కథకు మూలము.

నేడు సైన్యము మనది. దానికి ఆజ్ఞ యిచ్చు ప్రభుత్వమును మనము ఎన్నుకొన్నది. కావున నా ప్రశ్న చచ్చిన ప్రశ్న గాదు. అది యిప్పుడు మనవైపునకే తిరిగినది. సైనికునికి జే కొట్టుట సులభము. వాని బూటు, వాని మందు, వాని రొట్టె, వాడు చెఱబడిన నాడు వాని క్షేమము, వీనిని గూర్చి శాసనసభలలో నడుగుట పౌరుని విధి. అట్లడుగుటను దేశద్రోహ మనువాడు మేజర్ కార్టరును బెదరించిన యధికారి వంశమువాడు.

కడపట నొక్క మాట. బస్రా చెంత మెసొపొటేమియా యుద్ధమృతుల కొఱకు 1929లో నెలకొల్పిన స్మారకము కలదు. నలువదివేలమందికి పైగా దానియందు స్మరింపబడియున్నారు. బ్రిటిషు సిపాయి యొక్కొక్కని పేరు రాతిపై జెక్కబడెను. మన యధికారుల పేర్లు గలవు. మన సామాన్య సిపాయిల పేర్లు ఆ పలకలపై లేవు. దళము పేరును, ఇందఱను సంఖ్యయు మాత్రమే గలవు. ఈ భేదము తగనిదని యుద్ధసమాధుల సంఘము 2021లో గాని యొప్పుకొని క్షమాపణ చెప్పలేదు. కూటులో సేనాని గింజల లెక్క తప్పెను. బస్రాలో సామ్రాజ్యము మనుష్యుల పేర్లు విడిచి లెక్క మాత్రమే వ్రాసికొనెను. రెండును ఒకే బుద్ధినుండి పుట్టిన తప్పులు. మన యూళ్ల పఠనాలయములలో, సైన్యమునకు పోయి మరల రాని తాతల పేర్లు పెద్దల నడిగి వ్రాసి యుంచుట మన చేతిలోనున్న పని. అది మనము చేయుదుము గాక.